సిరా పెట్టిన మాటలు

జూన్ 3

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం, నీ మరదలి మోకాళ్ళు తప్ప. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. పోయినసారి నేను "ఎలా ఉన్నావు" అని మూడుసార్లు అరిస్తే, దుకాణం ముందు పోయేవాళ్ళు ఇద్దరు ఆగి, బాగున్నామని చెప్పి మరీ వెళ్ళారు. నువ్వు మాత్రం "ఎవరు మాట్లాడేది?" అని పెట్టేశావు. నీ చెవులతో నేను పడలేను, అందుకే ఈ ఉత్తరం.

అసలు కబురు ఏమిటంటే, నాన్న పుస్తకం అచ్చు కాబోతోంది. నిజంగానే. మొన్న ఒక ప్రెస్సాయన ఆగిపోయిన చేతిగడియారం పట్టుకుని వచ్చాడు. నేను దాని మూత విప్పుతుంటే, ఆయన బల్ల కిందికి తొంగి చూసి, "బిస్కెట్లు కూడా అమ్ముతారా?" అని అడిగాడు. ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాను. నీకు తెలుసుగా, తొమ్మిది డబ్బాలు, ఒక్కో చీటీ మీద ఒక్కో మాట, అది ఏ భాషలో పుట్టింది, ఎవరి వెంట మన భాషలోకి కాపురానికొచ్చింది. ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే గంటసేపు చదివాడు. 'అసలు' అన్న మాట అరబ్బీదని చూసి, "అసలు నేను నమ్మను" అన్నాడు. అని, తనే నవ్వాడు. నవంబరుకల్లా పుస్తకం తెస్తానన్నాడు.

అన్నం దగ్గర నాన్న ఆడించే ఆట జ్ఞాపకం వచ్చింది. చెయ్యి కడుక్కుని తువ్వాలు అడిగితే, "దాని పుట్టిల్లు ఏదో చెప్పు, ఇస్తాను" అనేవారు. నేను తడి చేత్తోనే నిలబడేదాన్ని తప్పించుకోలేక, నువ్వు వెనకనుంచి "పోర్చుగీసు, పోర్చుగీసు" అని గొణిగేదానివి. సబ్బు కూడా వాళ్ళదే, ఇస్త్రీ కూడా వాళ్ళదేనట. ఓడల్లో వచ్చినవాళ్ళు మనకి ఒంటి శుభ్రం నేర్పి పోయారా అని అమ్మ ఉడుక్కునేది.

ప్రెస్సాయన ఒక షరతు పెట్టాడు. విషయం తెలిసిన మనిషి ప్రతి చీటీ చదివి సరే అనాలి. నాన్న పోయి పన్నెండేళ్ళయింది. ఇక తెలిసిన మనిషి నువ్వొక్కదానివే. జీవితమంతా ఇంకొకరి పుస్తకాలకి ప్రూఫులు దిద్దావు, నాన్నది దిద్దవా? నువ్వు ఆ డబ్బాలు ముట్టుకుని నలభై ఒక్క ఏళ్ళయిందని నాకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు. మొదటి రెండు డబ్బాలు పార్సిల్లో పంపుతున్నాను. మనసొప్పకపోతే మూత తీయకుండానే తిప్పి పంపు. ఏమీ అనుకోను.

నీ తమ్ముడు

జూన్ 14

చిన్నోడా,

యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నువ్వు నాకు చిన్నోడివే, మారలేదు. నీ ఉత్తరంలో ఆరు తప్పులున్నాయి. "నిలబడేదాన్ని" ఏమిట్రా? నువ్వెప్పుడు ఆడపిల్లవయ్యావు? ఎర్ర సిరాతో దిద్ది జత చేశాను, చూసుకో. మరదలికి నా దీవెనలు, మోకాళ్ళకి ఈ కాగితం వెనక రాసిన నూనె.

పార్సిల్ వచ్చి నాలుగు రోజులు మంచం కింద ఉంది. ఊడ్చినప్పుడల్లా చీపురు తగిలేది. ఐదో రోజు విసుగొచ్చి మూత తీశాను. నాన్న బడిలో పిల్లల పరీక్ష కాగితాలు కోసి చీటీలు చేసేవారు కదా, 'తమాషా' అన్న చీటీ వెనక ఎవడో ఏడెనిమిదులు యాభై నాలుగని వేసిన లెక్క ఉంది. ముందు వైపు నాన్న రాత: "అరబ్బీలో మొదట కలిసి నడవడం అని అర్థం. పారశీకంలోకి వెళ్ళి వేడుక అయింది." సాయంత్రాలు మనం ముగ్గురం వంతెన దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ చీటీని విడిగా తీసి పెట్టుకున్నాను.

'జాబు' చీటీ కూడా దొరికింది. జవాబూ అదీ ఒకటేనట, బదులు చెప్పడమని అర్థం. కింద చిన్న అక్షరాలతో, "మొదటి ఉత్తరాన్ని కూడా మనం జాబనే అంటాం. అవతలివాళ్ళు ఎప్పుడో ఏదో అడిగే ఉంటారని కాబోలు" అని రాసుకున్నారు. ఇలాంటివి నిఘంటువులో ఉండకూడదని ప్రెస్సాయన అంటే, ఆ ప్రెస్సే వద్దని చెప్పు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. నాన్న నియమం నీకు గుర్తుందో లేదో. అనుమానం ఉన్నంతకాలం పెన్సిల్. ఒక పుస్తకమూ ఒక మనిషీ, రెండు సాక్ష్యాలు దొరికాకే సిరా. 'సబ్బు'కి సిరా పెట్టడానికి ఆరేళ్ళు ఆగి, ఓడల్లో వంట చేసి దిగిపోయిన ఒకాయన్ని వెతికి పట్టుకున్నారు. అలాంటి మనిషి 'వారసుడు' అన్న మాటకి సంస్కృతమని సిరాతో ఎలా రాస్తారు? అది అరబ్బీ 'వారిస్' అని నాకే తెలుసు. 'తాళంచెవి' చూడు, చెవిలా ఉంటుంది కనక చెవి అని సిరాతో ఉంది. పోర్చుగీసు 'చావె' నుంచి వచ్చిందని ఎన్ని పుస్తకాల్లో లేదు! ఈ రెండు డబ్బాల్లోనే ఇలాంటివి పంతొమ్మిది.

ఇది ఆనాటి పనే. ఎవరు చేశారో నాకు తెలుసు, నీకూ తెలిసే ఉంటుంది. పోయిన సంగతి, పైకి తవ్వను. కానీ పుస్తకంలో తప్పు పోకూడదు. మిగతా డబ్బాలు పంపు. నీ దుకాణంలో కంటికి పెట్టుకునే అద్దం ఒకటి పంపు, నా కళ్ళజోడుకి ఈ గీతలు ఆనడం లేదు.

అక్క

జూన్ 25

అక్కా,

నీ ఉత్తరం దుకాణంలో నిలబడి చదివాను, కూర్చుని మళ్ళీ చదివాను. నీకు తెలుసన్నమాట. తెలుసేమోనని ఇన్నేళ్ళూ అనుమానమే తప్ప, నువ్వు నోరు విప్పి అన్నది ఇదే మొదటిసారి.

నాన్న ఆ రోజు "ఈ పెన్సిల్ చీటీలకి సిరా పెట్టిందెవరు?" అన్నప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను. "నేనే నాన్నా" అన్నావు. ఆయన అరిచి ఉంటే బాగుండేది. "ఇక నువ్వు ఈ బల్ల దగ్గరికి రావద్దమ్మా" అన్నారు, అంతే. నువ్వు మర్నాటినుంచి ప్రెస్సులో పనికి కుదిరావు. ఒక మనిషిని కాపాడటానికి అంత పని చేశావని నాకు అప్పుడే అర్థమైంది. కాళ్ళమీద పడదామనుకున్నాను, సిగ్గేసింది. తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, వేరే ఊళ్ళు. చెప్పాల్సిన మాట చెప్పాల్సినప్పుడు చెప్పకపోతే ఇక దానికి సమయమే రాదు.

అద్దమూ, ఏడు డబ్బాలూ పంపుతున్నాను. అట్ట మీద నాన్న పేరు పక్కన నీ పేరు ఉండాలని ప్రెస్సాయనతో చెప్పేశాను. కాదనకు.

నాలుగో డబ్బాలో పందికొక్కు ఉంది, భయపడకు. మన పందికొక్కునే ఇంగ్లీషువాళ్ళు బాండికూట్ చేసుకున్నారట, దాన్ని పట్టుకెళ్ళి ఇంకో ఖండంలో వేరే జంతువుకి తగిలించారట. మనది పోయి మనది కాకుండా ఎక్కడో బతుకుతోందని నీ మరదలు జాలిపడింది.

నీ తమ్ముడు

జూలై 9

చిన్నోడా,

నీ అద్దం మంచిది. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని చీటీని వాలుగా పట్టుకుంటే, సిరా కింద పెన్సిల్ గీత మెరుస్తోంది. అంటే ఆ సిరా పెన్సిల్ అక్షరాల మీద దిద్దింది. చివర నాన్న పెట్టుకున్న ప్రశ్న గుర్తులు ఉన్నాయి, రబ్బరుతో చెరిపినా నొక్కు పోలేదు. ఇప్పటికి రెండువందల పదహారు లెక్కపెట్టాను.

నువ్వు రాసింది చదివి నా గుండె సగం తేలికయింది. ఇది నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నీకూ తెలుసని తెలిస్తే ఎప్పుడో చెప్పుకుని ఏడ్చేవాళ్ళం.

నాన్న ఆసుపత్రినుంచి వచ్చాక రెండు రోజులు డబ్బాలున్న గదిలో ఒక్కరే ఉన్నారు గుర్తుందా? పది రోజుల జ్వరం. మనిషి మంచం మీదున్నా చూపు మన మీద ఉండేది కాదు. మూడో రోజు డబ్బాలు తీసి కేకేశారు. రాత చూస్తే నాన్నదే. మన ముగ్గురి రాతా ఒకటేననుకో, కానీ నేను చేయలేదు. నీకు గడియారం ముళ్ళు తప్ప అక్షరమంటే పడదు, డబ్బాల వైపే వచ్చేవాడివి కాదు. ఇక మిగిలింది ఎవరు? జ్వరం తలకెక్కి, తన చేత్తో తనే అన్నిటికీ సిరా పెట్టేసి, ఆ సంగతే మర్చిపోయారని నాకు అర్థమైపోయింది. ఇరవై ఏళ్ళ పని తనే పాడు చేసుకున్నానని తెలిస్తే ఆయన బతుకుతారా? అందుకే నేనేనన్నాను. నన్ను కోప్పడితే ఆయనకి ఏం కాదు, తనని తను కోప్పడితే ఏమవుతారోనని.

అప్పటినుంచి ఆయన్ని కనిపెట్టుకునే ఉన్నాను. కళ్ళజోడు ఎక్కడో పెట్టి వెతుక్కున్నా, పాల గిన్నె పొంగినా, ఇదిగో మళ్ళీ అనుకునేదాన్ని.

కాబట్టి నా పేరు వద్దు. నేను చేసింది పుస్తకం కోసం కాదు, నాన్న కోసం. మరదలికి నూనె పనిచేసిందో లేదో రాయలేదు.

అక్క

జూలై 12

అక్కా,

ఉత్తరం ఇప్పుడే అందింది. గిరాకీని బయటే నిలబెట్టి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దకు.

నాన్న చేయలేదు. నేను చేశాను.

నువ్వు "ఎవరు చేశారో నీకూ తెలుసు" అని రాస్తే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నే అన్నావనుకున్నాను. నువ్వు కాపాడిన మనిషిని నేనే అనుకుంటూ నలభై ఒక్క ఏళ్ళు బతికాను. నా అక్క నాకోసం నింద మోసిందని మా పిల్లలకి కూడా చెప్పాను.

నాకప్పుడు పదిహేడు. నాన్నని చూడటానికి ఆసుపత్రికి వచ్చాను. ఆయన కళ్ళు మూసుకునే అమ్మతో, "పెన్సిల్ మాటలు అట్లాగే ఉండిపోయాయి" అన్నారు. ఆయన ఇక రారని అనుకున్నాను. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. నాకు మీ నియమాలేం తెలుసు అక్కా? పెన్సిల్ అంటే సగం పని, సిరా అంటే పూర్తి పని అనుకున్నాను. నువ్వూ అమ్మా ఆసుపత్రిలో ఉంటే, ఆరు రోజులు కూర్చుని మొత్తం దిద్దాను. ప్రశ్న గుర్తులు ఉంటే పని పూర్తి కానట్టుంటుందని చెరిపేశాను. ఆయన పోయేలోగా ఒక్కసారి చూపించి, "అయిపోయింది నాన్నా" అని చెప్పాలనుకున్నాను. ఆయన బతికి వచ్చారు. నేను ఎంత సంతోషించానో, ఆ కేక విన్నప్పుడు అంత భయపడ్డాను. నోరు తెరిచేలోగా నువ్వు "నేనే" అన్నావు.

ఆయన తల సరిగ్గానే ఉంది. ఏదీ మర్చిపోలేదు. పిరికివాణ్ణి నేను.

తిట్టు. ఏదో ఒకటి రాయి.

తమ్ముడు

ఆగస్టు 2

అక్కా,

ఇరవై రోజులైంది. పోస్టుమాన్ నన్ను చూసి ముందే తల అడ్డంగా ఊపుతున్నాడు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తి, నా గొంతు విని పెట్టేస్తున్నావు. ఈసారి వినపడక కాదని తెలుసు. ప్రెస్సాయనకి పుస్తకం ఆపమని చెప్పనా? నీ మరదలి మోకాళ్ళకి నూనె పనిచేసింది. అది చెప్పడానికైనా రాయాలనిపించింది.

తమ్ముడు

ఆగస్టు 19

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం కూడా రాలేదు. రెండు రోజులకి వచ్చింది. నింద మోసినందుకు కాదు. అది నేను ఎవరికోసమైనా మోసేదాన్ని, నీకోసమైతే ఇంకా నవ్వుతూ మోసేదాన్ని. నీకు తెలియని సంగతి ఒకటుంది. నేను ఎవరికీ చెప్పలేదు, మీ బావగారికి కూడా.

నాన్న ఉద్యోగం నుంచి దిగిన నెలలో మా ఇంటికి వచ్చారు. గుడ్డసంచిలో ఒక డబ్బా పెట్టుకుని వచ్చారు. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని, "అమ్మా, అప్పుడు నిన్ను బల్ల దగ్గరికి రావద్దన్నాను. పదేళ్ళుగా ఆ మాట నన్ను తింటోంది. పాడైతే పాడైంది, ఇద్దరం కూర్చుంటే మళ్ళీ బాగుచేయొచ్చు. రా" అన్నారు. ఆయన అంతమాట ఎవరితోనూ అనగా నేను వినలేదు.

నేనేం చేశానో తెలుసా? మంచి చేస్తున్నాననుకున్నాను. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఏదో చేసి మర్చిపోతారని, అప్పుడు కాపాడటానికి నేను పక్కన ఉండనని భయపడ్డాను. ఆయన చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఆ సిరా పెట్టింది మీరే. మీకు గుర్తు లేదు. మీరు బాధపడతారని నేను నా మీద వేసుకున్నాను. ఇక ఈ పని వద్దు" అన్నాను.

"నేనా?" అన్నారు.

అవునన్నాను.

తన చేతులు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నారు. "నేను చేసినట్టు లేదే" అన్నారు, చాలా నెమ్మదిగా. నేను ఆయన తల నిమిరాను. చిన్నపిల్లవాడికి నిమిరినట్టు, మా నాన్న తల. మంచినీళ్ళు తాగి, డబ్బా మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడే అన్నీ తెచ్చి నీ బల్ల కింద పెట్టారు. కళ్ళు మందగించాయని నీకు చెప్పారు. ఆయన కళ్ళకేమీ కాలేదు.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికారు. ఏం చెప్పబోయినా ముందు "ఇది ఇంతకుముందు చెప్పానా?" అని అడిగేవారు, గుర్తుందా? మనం నవ్వేవాళ్ళం. అడగడం ఎప్పుడు మొదలైందో నువ్వు ఎప్పుడూ ఆలోచించి ఉండవు. నేను ఈ నెలంతా అదే ఆలోచించాను.

ఏడ్చి ఏడ్చి, ఇక చేసేదేమీ లేక అద్దం తీసుకుని మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాను. మొత్తం నాలుగువందల పన్నెండు. ప్రతి దానికింద నాన్న అడుగుతున్న ప్రశ్న కనిపిస్తోంది. 'వారసుడు: సంస్కృతమేనా?' అనుమానించారు. 'తాళంచెవి: చెవితో సంబంధం ఉందా?' అనుమానించారు. 'మేజా బల్ల: పారశీకమా? పోర్చుగీసా?' దానికి నువ్వు పోర్చుగీసని తీర్పు ఇచ్చేశావు. లైబ్రరీలో పెద్ద పుస్తకాలన్నీ తిరగేశాను, వాళ్ళు ఈనాటికీ తేల్చుకోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు నాన్న. నేను సరిచూసినంతవరకూ, అనుమానపడాల్సిన చోట కాకుండా ఆయన అనుమానపడ్డ చీటీ ఒక్కటి లేదు. అంత స్పష్టంగా ఉన్న మనిషికి, నీకు మతి సరిగా లేదని చెప్పాను. ఆయన నా మాటే నమ్మారు.

పుస్తకం ఆపకు. అట్ట మీద నాన్న పేరొక్కటే ఉండాలి. చెరిపిన ప్రశ్న గుర్తులన్నీ తిరిగి పెట్టాలి. లోపల మొదటి పేజీలో మనం చేసిందంతా మామూలు మాటల్లో రాయాలి, నీ వంతు నువ్వు, నా వంతు నేను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నాది పిడికెడు కాదు, కానీ దాన్ని కొలుచుకుంటూ కూర్చుంటే నవంబరు దాటిపోతుంది.

నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలియదు. నువ్వు ఇక్కడికి వచ్చాక ఒకటి రెండు రోజులు నీతో మాట్లాడకపోవచ్చు, అన్నం మాత్రం పెడతాను. నువ్వు నోరు విప్పక, నేను నోరు విప్పి, ఇద్దరం కలిసి ఆయన్ని ఆ బల్ల దగ్గరనుంచి లేపేశాం. ఆ సంగతి తెలిసిన మనిషి నాకు ఈ లోకంలో నువ్వొక్కడివే ఉన్నావు. దుకాణం మూసి వచ్చేయరా. ఇక్కడ ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నాను.

అక్క